వీరణం – ఉశీరం – అవురుగడ్డి : ఒక పదార్థ పరిశీలన

సంస్కృత కావ్యాలలో ఉశీరం ప్రధానంగా గ్రీష్మోపచార ద్రవ్యంగా కనిపిస్తుంది. అభిజ్ఞాన శాకుంతలం తృతీయాంకారంభంలో శకుంతల తాపశాంతికై ప్రియంవద కొనిపోయేది ఉశీరానులేపనమే. తెలుగులో దీనికి వట్టివేరు, కురువేరు అనే పేర్లు ప్రసిద్ధాలు. ఈ ప్రసిద్ధి వల్ల వేరు మాత్రమే బుద్ధిలో నిలిచి, ఆ వేరు గల తృణం మరుగున పడుతున్నది. పాఠ్యగ్రంథాలలో వీరణశబ్దం వచ్చినపుడు 'ఒక విధమైన గడ్డి' అని చెప్పి విడిచిపెడితే గ్రంథకర్త తాత్పర్యానికే లోపం కలుగుతుంది.

అమరసింహుడు ఈ రెంటినీ స్పష్టంగా వేరుచేశాడు. ద్వితీయకాండలోని వనౌషధివర్గంలో తృణానికి వీరణం, వీరతరం అనే పేర్లు చెప్పి, దాని మూలానికి ఉశీరమని పేరిచ్చాడు. అభయం, నలదం, సేవ్యం, అమృణాలం, జలాశయం మొదలైనవి ఆ మూలానికి పర్యాయాలు. తెలుగులోనూ ఈ విభాగం ఉన్నది. పైన కనిపించే గడ్డి అవురుగడ్డి. దాని వేరు వట్టివేరు.

ఈ తృణం భారతదేశానికి సహజమైనది, బహువార్షికం. ఏటిగట్లు, చిత్తడి నేలలు, వరద మైదానాలు దీని ఆవాసాలు. జలాశయ పర్యాయం ఈ ఆవాసానికి చక్కగా పొసగుతుంది. ఇది గరికవలె నేలపై ప్రాకదు. ఒకే మొదలు నుండి దుబ్బుగా సుమారు 1.5 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. వేళ్లు పక్కలకు వ్యాపింపక నిలువుగా, అనుకూలమైన నేలలో 3 మీటర్ల వరకు దిగుతాయి. దగ్గరగా పెరిగిన దుబ్బులు ప్రవాహవేగాన్ని తగ్గించి ఒండ్రును నిలుపుతాయి. మొదలు మట్టిలో కూరుకుపోయినా కణుపుల నుండి కొత్త వేళ్లు పుట్టి దుబ్బు పైకి లేస్తుంది. ఈ గుణాన్ని గుర్తించియే అమెరికా జాతీయ పరిశోధన మండలి 1993లో, నేలకోతను అరికట్టే తృణంగా దీనిపై ప్రత్యేక గ్రంథాన్ని ప్రకటించింది.

మహాభారతం ఆదిపర్వంలోని జరత్కారు వృత్తాంతాన్ని ఈ దృష్టితో చదువవలసి ఉన్నది. జరత్కారుని పితరులు గోతిలో తలక్రిందులుగా వీరణస్తంబాన్ని పట్టుకొని వ్రేలాడుతుంటారు. ఒక ఎలుక దాని వేళ్లను కొరుకుతుంటుంది. ఒక్క వేరు మిగిలి ఉంటుంది. ఆ స్తంబం తమ కులమనీ, మిగిలిన వేరు జరత్కారువనీ, ఎలుక కాలమనీ పితరులే వివరిస్తారు. స్తంబమంటే తృణాదుల గుచ్ఛమని అమరమే చెప్పింది. గడ్డిపోచ అని అర్థం చెప్పితే ఈ రూపకం నిలువదు. అనేక కాండాలు ఒకే మొదలును, ఆ మొదలు వేళ్లను ఆశ్రయించి ఉండడమే ఇక్కడి సామ్యం. గట్టును పట్టి ఉంచే తృణానికే పితరులు వ్రేలాడడంలోని ఔచిత్యం కూడ అప్పుడే బోధపడుతుంది.

వేరులోని పరిమళమే ఈ తృణానికి ముప్పు. వేరు కావాలంటే దుబ్బును పెకలించక తప్పదు. దక్షిణ భారతంలో సాగయ్యే రకాలు మొలకెత్తే విత్తనాన్ని అరుదుగా ఇస్తాయి గనుక పిలకలను వేరుచేసి తిరిగి నాటితేనే సంతతి నిలుస్తుంది. నాటనిచోట దుబ్బూ పోతుంది, గట్టుకు పట్టూ పోతుంది.

కావున ఉశీరానికి వట్టివేరు అనీ, వీరణానికి అవురుగడ్డి అనీ, వీరణస్తంబానికి అవురుగడ్డి దుబ్బు అనీ వేర్వేరుగా అర్థాలు చెప్పడం సమంజసం. తెలుగులో సిద్ధంగా ఉన్న ఈ పదాలను బోధనలో నిలుపుకొంటే మూలార్థమూ, తృణపరిచయమూ రెండూ విద్యార్థికి దక్కుతాయి.