కిటికీ అద్దములు అకారణముగా పగులునా?

గ్రామములలో నేడు గాజు కిటికీ లేని ప్రజాభవనము అరుదు. పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రము, గ్రంథాలయము, పంచాయతీ కార్యాలయము, వీనియన్నింటికిని వెలుతురు కొరకు అద్దములు అమర్చుచున్నాము. ఈ అద్దములు అప్పుడప్పుడు ఎవరును తాకకుండగనే పగులుచుండును. రాత్రి తాళము వేసి వెళ్లిన గదిలో ఉదయమునకు అద్దము నిలువునా చీలి కనిపించును. మండు మధ్యాహ్నమున తరగతి జరుగుచుండగా ఫటాలున శబ్దమై పలక విరుగును. అప్పుడు గ్రామములో రెండు మాటలు వినవచ్చును. ఒకటి, "ఇది ఏదో అరిష్టము" అనునది. రెండవది, "ఇది ఫలానా పిల్లవాని పని" అనునది. మొదటి మాట వలన భయము పెరుగును. రెండవ మాట వలన నిరపరాధికి దండన కలుగవచ్చును. అద్దము ఏల పగిలినదో ఈ రెండు మాటలును చెప్పవు. మరల అమర్చిన అద్దమును కాపాడుటకును అవి పనికిరావు.

అకారణముగా పగులు గాజు లేదు. కారణము తప్పక కలదు. అయితే అది పగిలిన క్షణమున పుట్టినది కాకపోవచ్చును. అద్దము కోసిననాడో, బిగించిననాడో, గడచిన వేసవిలోనో పుట్టి, కంటికి కనబడకుండ దాగియుండును. పంచాయతీ సభ్యులు ఈ కారణములను ఎరిగియున్నచో ప్రజాధనము ఆదా యగును, పిల్లలకు రక్షణ కలుగును, విచారణలో న్యాయము తప్పదు.

గాజు స్వభావము

ఇసుక, సోడా, సున్నపురాయి ముఖ్యముగా కలిపి, సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరగించి కిటికీ గాజును తయారు చేయుదురు. కరగిన గాజును కరగిన తగరముపై తేలించి సాపైన పలకలుగా చేయు పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్‌టన్ సంస్థ 1959లో ప్రకటించెను. నేడు కిటికీ పలకలలో అధికభాగము ఈ పద్ధతిలోనే తయారగుచున్నవి.

గాజును నొక్కినచో మిక్కిలి భారము ఓర్చును, లాగినచో ఓర్వలేదు. ఇనుపకడ్డీ హద్దు మీరి వంచినచో వంగి నిలుచును. గాజు అట్లు నిలువదు. కొంతవరకు వంగి, హద్దు దాటిన క్షణమున విరుగును. ముందుగా హెచ్చరిక యుండదు. గాజు బలము లెక్క ప్రకారము ఉండవలసినదానిలో స్వల్పభాగమే యగుటకు కారణమేమో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఏ. ఏ. గ్రిఫిత్ పరిశోధించెను. గాజుపై నుండు అతి సూక్ష్మమైన పగుళ్లే దానిని బలహీనపరచుచున్నవని 1921లో ప్రచురించిన వ్యాసమున ఆయన వివరించెను.

ఈ విషయమును బట్టల దుకాణమున ప్రతిదినము చూడవచ్చును. అంగడివాడు గుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో లాగును. గుడ్డ ఆ గాటు నుండియే చివరివరకు చిరుగును. గాటు లేని గుడ్డను అంతే బలముతో లాగినను చిరుగదు. గాజునకును అంతే. పలకను కోయునప్పుడు అంచున లేచిపోయిన చిన్న పెచ్చు ఆ కత్తెర గాటు వంటిది. లాగు బలమంతయు ఆ గాటు కొనయందే చేరును. కావున గాజుపలకకు ఆయువుపట్టు దాని అంచు.

ఇంకొక సంగతి కలదు. లాగుడుకు లోనైయున్న పగులు కొనయందు గాలిలోని తేమ చేరి, గాజులోని బంధములను మెల్లమెల్లగా తెంచుచుండును. పగులు దినదినము కొంచెము కొంచెముగా సాగి, ఒకనాడు హద్దు దాటగనే పలక అంతయు విరుగును. ఎవరును లేని అర్ధరాత్రి అద్దము పగులుటలోని రహస్యములలో ఇది యొకటి. నాడు తగిలిన దెబ్బకు నేడు ఫలము కనిపించినదన్నమాట.

ఎండ చేయు పని

విద్యుద్దీపములు రాకమునుపు లాంతర్లు వాడిన పెద్దలకు ఒక అనుభవము గుర్తుండును. కాలుచున్న చిమ్నీపై ఒక్క వానచినుకు పడినచో చిమ్నీ పుటుక్కున పగిలెడిది. వేడెక్కిన గాజు వ్యాకోచించును, చల్లబడినది ముడుచుకొనును. ఒకే గాజులో ఒకభాగము పెరుగగోరి, మరియొకభాగము పెరుగనన్నచో, ఆ పెనుగులాటలో గాజు విరుగును.

కిటికీలో జరుగునదియు ఇదియే. పలక నడిమి భాగము ఎండకు కాగును. చట్రములో దాగిన అంచులకు ఎండ తగులదు; అవి చల్లగా నుండును. మీటరు పొడవు గల పలకలో నడిమికిని అంచునకును 40 డిగ్రీల భేదము వచ్చినచో, నడిమి భాగము అంచుకంటె మిల్లీమీటరులో సుమారు మూడవవంతు అధికముగా పెరుగజూచును. వినుటకు ఇది స్వల్పము. కాని గాజునకు ఇది ప్రాణాంతకము కావచ్చును. అంచు నునుపుగా నున్నచో పలక ఓర్చుకొనవచ్చును. అంచున పెచ్చు ఉన్నచో ఇంతకంటె తక్కువ భేదమునకే చీలవచ్చును.

నడివేసవి ఎండకు కాగిన అద్దముపై హఠాత్తుగా వడగండ్లవాన కురిసినప్పుడును, చలికాలపు ఉదయమున రాత్రియంతయు చల్లబడిన తూర్పు కిటికీపై ఎండ సూటిగా పడినప్పుడును ఈ భేదము హెచ్చగును. మనము చేయు పనులు కొన్ని దీనిని ఇంకను పెంచును. పలకలో సగమునకు నల్లరంగు పూయుట, పటములు ప్రకటనలు అంటించుట, అద్దమునకు ఆనించి ఇనుపబీరువాయో పుస్తకముల దొంతరయో నిలుపుట ఇట్టివి. నల్లని భాగము వేడిని అధికముగా పీల్చును; మూసిన భాగము వేడిని పోనీయదు.

చట్రము చేయు పని

గాజు పెరుగుటకు చోటు కావలయును. చట్రములో పలకను సందు లేకుండ బిగించినచో, పెరిగిన గాజు చట్రమును ఒత్తును. చట్రము గాజును ఒత్తును. కొయ్యచట్రము వానకాలమున తడిసి ఉబ్బును. ఇనుపచట్రము తుప్పు పట్టును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెట్టింపునకు మించిన చోటు ఆక్రమించి పలకను నొక్కును. బీడింగుబద్దకు కొట్టిన మేకు గాజును తాకుచున్నచో, ఆ ఒక్కచోటనే పగులు మొదలగును.

నల్లరేగడి నేలలున్న గ్రామములలో మరియొక చిక్కు కలదు. ఆ నేల వానలకు ఉబ్బి, వేసవిలో ఎండి నెరియలు వారును. పునాది లోతు చాలనిచో గోడ కదలును. గోడతో కూడ కిటికీ చట్రము మూల తప్పును. చతురస్రముగా నుండవలసిన చట్రము ఏటవాలుగా ఒరిగినప్పుడు లోపలి గాజు వంగలేక మూల నుండి చీలును. ఒకే కిటికీ అద్దము మాటిమాటికి పగులుచున్నచో, అద్దమును గాక గోడను పరీక్షింపవలయును.

టఫెన్డ్ గాజు సంగతి

సామాన్యపు గాజు కత్తుల వంటి ముక్కలుగా విరుగును. అందుచేత తలుపులకు, పెద్ద కిటికీలకు టఫెన్డ్ గాజు వాడుట పెరిగినది. పలకను 600 డిగ్రీలకు మించి కాల్చి, రెండు వైపుల నుండి చల్లని గాలిని వేగముగా ఊది దీనిని చేయుదురు. పైపొర ముందుగా గట్టిపడును. తరువాత చల్లబడు లోపలిభాగము ముడుచుకొనుచు పైపొరను లోనికి లాగును. ఇట్లు పైపొర సదా నొక్కుడులోను, లోపలిభాగము సదా లాగుడులోను ఉండును. ఈ గాజు సామాన్యపు గాజుకంటె నాలుగైదు రెట్లు బలమైనది. సుమారు 200 డిగ్రీల ఉష్ణభేదమును సైతము ఓర్చును. విరిగినప్పుడు చిన్నచిన్న పలుకులుగా రాలుటచేత తీవ్రమైన గాయములు అరుదు.

అయినను ఈ బలమైన గాజే ఒక్కొక్కప్పుడు నిలిచినచోటనే పేలినట్లు విరుగుట కలదు. గాజు తయారగునప్పుడు నికెల్ సల్ఫైడు అను మలినము ఇసుకరేణువు కంటె చిన్న కణముగా లోపల చిక్కుకొనవచ్చును. పలకను వేగముగా చల్లార్చుటచేత ఈ కణము వేడిమినాటి రూపముననే నిలిచిపోవును. తరువాత నెలలకో సంవత్సరములకో అది మెల్లగా తన చల్లని రూపమునకు మారుచు, నూటికి రెండు నుండి నాలుగు వంతుల వరకు ఉబ్బును. లాగుడులో నున్న నడిమి పొరలో కణము ఉబ్బగనే పలక అంతయు ఒక్కసారిగా పగులును. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున ఒక ఎత్తైన భవనపు అద్దములు ఇట్లు పగులగా, బాలంటైన్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1961లో ఈ కారణమును వెల్లడించెను. పలకలను కర్మాగారములోనే మరల కొన్ని గంటలు వేడిలో నుంచి, దోషమున్న వానిని అక్కడనే పగులనిచ్చు పరీక్ష ఇందుకై ఏర్పడినది. ఈ పరీక్ష వలన అపాయము మిక్కిలి తగ్గును గాని పూర్తిగా పోదు.

విచారణకు ఆధారములు

అద్దము పగిలినదని పంచాయతీకి ఫిర్యాదు వచ్చినప్పుడు, ముక్కలు ఊడ్చివేయుటకు ముందే సభ్యులు ఈ గుర్తులను చూడవలయును.

1. పగుళ్లు ఒక చుక్క నుండి బండిచక్రపు ఆకులవలె నలువైపులకు పోయినచో, అచ్చట ఏదో వస్తువు తగిలినది. రాయి, బంతి, ఈదురుగాలికి ఎగిరివచ్చిన రేకు, ఏదైనను కావచ్చును.

2. ఒకే గీత అంచు నుండి నిట్టనిలువుగా బయలుదేరి, కొంతదూరము పోయిన పిమ్మట వంకరలు తిరిగినచో, అది ఉష్ణభేదము వలన కలిగిన పగులని తలంపవచ్చును.

3. పగులు మూల నుండియో మేకు నుండియో బయలుదేరినచో, బిగింపును, చట్రమును శంకింపవలయును.

4. టఫెన్డ్ గాజు పలుకులు చట్రములో నిలిచియున్నచో, పగులు మొదలైన చోట సీతాకోకచిలుక రెక్కలవలె రెండు పెద్ద ముక్కలు, వాని నడుమ చిన్న నల్లచుక్క కనిపించునేమో చూడవలయును. కనిపించినచో అది మలినపు కణము కావచ్చును.

ఒక్క గుర్తును బట్టి తీర్పు చెప్పరాదు. అయినను, పగిలిన వేళ దగ్గర నున్నవాడే పగులగొట్టినవాడని తీర్మానించుటకంటె ఈ పరీక్ష ఎంతయో మేలు. ఒక చిత్రము తీసియుంచుకొన్నచో సరఫరాదారునితో మాటాడుటకును పనికివచ్చును.

ముందు జాగ్రత్తలు

పలకను చట్రముకంటె చిన్నదిగా కోయించి, చుట్టును రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడువవలయును. అడుగున రెండుచోట్ల చిన్న రబ్బరు దిమ్మలు ఉంచి, వానిపై పలకను నిలుపవలయును. అంచును వ్రేలితో గాక కంటితో పరీక్షించి, పెచ్చు లేచినదానిని తిరిగి పంపవలయును. లప్పము ఎండి రాలినచో క్రొత్తది పెట్టింపవలయును. ఇనుపచట్రమునకు తుప్పు గీకించి రంగు వేయింపవలయును.

పిల్లలు తిరుగు చోట, తలుపులకును నేలకు దగ్గరగా నుండు కిటికీలకును సామాన్యపు గాజు తగదు. భద్రతా గాజునకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 2553. కొనునప్పుడు పలక మూలనున్న ముద్రను చూడవలయును. టఫెన్డ్ గాజును తయారైన పిమ్మట కోయుట సాధ్యము కాదు. కావున కొలతలు సరిగా తీసి పంపవలయును. తలపై భాగమున అమర్చు గాజునకు, రెండు పలకల నడుమ పొర గల లామినేటెడ్ గాజు మేలు. అది పగిలినను ముక్కలు పొరను అంటియుండును.

చిన్న చీలికయే కదా యని విడువరాదు. చీలిన పలక ఏనాడైనను రాలవచ్చును. దానిని తీయించువరకు బిడ్డలను ఆ కిటికీ క్రింద కూర్చుండనీయరాదు. విరిగిన గాజును పెంటపోగులో వేసినచో చెప్పులు లేని కాళ్లకును, మేయు పశువులకును అపాయము; మందమైన సంచిలో వేసి, గాజు అని వ్రాసి, వేరుగా అప్పగింపవలయును.

వేసవి రాకమునుపు ఒకసారియు, వానలు వెలిసిన పిమ్మట ఒకసారియు సభ్యులలో ఇద్దరు గ్రామమందలి ప్రజాభవనముల కిటికీలను తిరిగి చూచి, కనబడిన లోపములను సమావేశపు పుస్తకములో వ్రాయించుట మంచిది. ఇందుకు ఒక పూట చాలును. ఆ ఒక్క పూట శ్రద్ధ వలన ఒక పసివాని కన్ను దక్కవచ్చును. చేయని తప్పునకు మరియొక పసివాడు దండన పొందకుండ ఉండవచ్చును.