ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. అక్కడి ఆసుపత్రిని 1915లో తెరిచారు. అప్పట్లో క్షయ రోగులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవారు. ఇప్పుడు అక్కడ అమ్మాయిలు నర్సింగు చదువుతున్నారు. కుప్పంలో పి.ఇ.ఎస్. మెడికల్ కాలేజీ ఉంది. అక్కడా నర్సింగు చదువు ఉంది. కూలి చేసి, పాలు పోసి, చీటీలు కట్టి పిల్లల్ని చదివించే తల్లులు ఎందరో ఉన్నారు.

చదువు అయిపోతుంది. చిన్న ఆసుపత్రుల్లో జీతం తక్కువ. పిల్ల ఇంగ్లండుకో, కువైటుకో పోతే బాగుండునని ఇంట్లో అనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. మన పక్క నుంచి కువైటుకు పోయిన ఆడవాళ్లు ఎంతమందో! ఆ ఆశ పక్కనే మోసగాళ్లు కాచుకొని ఉంటారు.

పుంగనూరు దగ్గర ఒక పల్లె అనుకుందాం. నర్సింగు చదివిన పిల్లకు ఈ-మెయిల్ వచ్చింది. ఈ-మెయిల్ అంటే ఉత్తరమే. పోస్టుమాను తేడు, ఫోనులోకి వస్తుంది. పైన లండను ఆసుపత్రి పేరు ఉంది. కింద సంతకం, ముద్ర ఉన్నాయి. "మీకు నర్సు ఉద్యోగం ఇచ్చాము. వీసా ఖర్చులకు 45,000 రూపాయలు రెండు రోజుల్లో పంపండి. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దు" అని రాసి ఉంది.

పిల్ల పరుగున తల్లి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నీ కమ్మలు కుదవ పెడదామా? మొదటి జీతంతోనే విడిపిస్తాను."

తల్లికి ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కొని చదవడం ఈమధ్యనే వచ్చింది. అయినా అడిగింది.

"ఉండు తల్లీ. నీకు పరీక్ష పెట్టినారా?"

"లేదమ్మా."

"నీతో మాట్లాడినారా?"

"లేదు. ఉత్తరమే వచ్చింది."

"నిన్ను చూడకుండానే పనిలో పెట్టుకున్నారా? మనం టమోటాలు కోసే దానికి పోతే కూలి వాళ్లు మనకిస్తారా, మనం వాళ్లకిస్తామా?"

పిల్ల ఏమీ అనలేకపోయింది.

ఆ తల్లి అడిగిన ప్రశ్నలు ఇంగ్లీషు వచ్చినవాళ్లకు కూడా తట్టవు. ఇంగ్లండులో నర్సుగా చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష పాసు కావాలి. నర్సింగు పరీక్షలు కూడా ఉంటాయి. అక్కడి నర్సుల రిజిస్టరులో పేరు ఎక్కాలి. ఆసుపత్రి వాళ్లు ఇంటర్వ్యూ చేయాలి. ఇవేవీ లేకుండా ఉద్యోగం వచ్చిందంటే అది ఉద్యోగం కాదు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులకు ఒక నియమం ఉంది. నర్సును చేర్చుకోవడానికి ఆమె దగ్గర ఫీజు తీసుకోకూడదు.

కార్డు మీద పోస్టు ముద్ర చూస్తే ఏ ఊరి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఈ-మెయిల్‌లో అడ్రసు చూడాలి. మన ప్రభుత్వ ఆఫీసుల అడ్రసులు మామూలుగా 'జీవోవీ డాట్ ఇన్' అనో, 'ఎన్ఐసీ డాట్ ఇన్' అనో ముగుస్తాయి. జీమెయిల్ అడ్రసును ఎవరైనా, ఏ పేరుతోనైనా పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. పెద్ద ఆసుపత్రి పేరు చెప్పి జీమెయిల్ నుంచి రాస్తే అనుమానించాలి. ముద్రను, సంతకాన్ని నమ్మి లాభం లేదు. వాటిని కంప్యూటరులో నిమిషంలో అంటిస్తారు.

ఏజెంట్ల సంగతి వేరే. మన దేశంలో లైసెన్సు ఉన్న ఏజెంటు ఫీజు తీసుకోవచ్చు. కానీ 30,000 రూపాయలు, దానిమీద పన్ను, అంతే. 18 శాతం పన్ను కలిపితే 35,400 అవుతుంది. రసీదు ఇవ్వాలి. లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు కేంద్ర ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్‌లో ఉంటాయి. మన రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సంస్థ కూడా ఉంది. విదేశాల్లో ఉద్యోగాలు చూపించడమే దాని పని.

లైసెన్సు ఉందని కళ్లు మూసుకోకూడదు. 2015లో కేరళలో సీబీఐ ఒక కేసు పెట్టింది. కువైటు ప్రభుత్వ ఆసుపత్రులకు నర్సులను పంపే ఏజెన్సీ మీద ఆ కేసు. ఒక్కొక్కరి దగ్గర తీసుకోవలసింది 19,500 రూపాయలు. తీసుకున్నది 19,50,000 అని ఆరోపణ. రెండు సున్నాల తేడా! ఆ రెండు సున్నాల కింద ఎన్ని ఇళ్లు తాకట్టు పడ్డాయో.

డాక్టర్లు కూడా మోసపోతున్నారు. 2024లో లక్నోలో ఒక డాక్టరమ్మ 2 కోట్ల 81 లక్షలు పోగొట్టుకుంది. 2025 సెప్టెంబరులో హైదరాబాదులో ఇంకా ఘోరం జరిగింది. రిటైరయిన డాక్టరమ్మ, వయసు 76. పోలీసులమని చెప్పి, కోర్టు ముద్రలున్న దొంగ కాగితాలు చూపించారు. దాదాపు మూడు రోజులు ఫోను ముందు నుంచి కదలనివ్వలేదు. ఆమె 6 లక్షల 60 వేలు పంపింది. ఆ తర్వాత గుండెపోటుతో చనిపోయింది. దీన్ని 'డిజిటల్ అరెస్టు' అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

ఇంత చదివినవాళ్లు ఎలా మోసపోయారు? పక్కన ఎవరూ లేకుండా చేశారు. అందుకే ఆ ఉత్తరాల్లో 'ఎవరికీ చెప్పవద్దు' అనే మాట ఉంటుంది. ఇంట్లో తిడతారని పిల్లలు కూడా దాచిపెడతారు. ఇంతలో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోతుంది. తిట్టడం తర్వాతైనా తిట్టవచ్చు. ముందు 1930కి ఫోను చేయాలి. ఇది సైబర్ మోసాల నంబరు. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాలో ఉంటే దాన్ని కదలకుండా ఆపగలరు. ఏ ఖాతాకు, ఎంత, ఎన్ని గంటలకు పంపారో చెప్పాలి. ఆ ఉత్తరాన్ని ఫోనులో నుంచి తీసేయకూడదు. అది సాక్ష్యం.

చదవండి, రాయండి: 1930. 35,400. 19,500. 19,50,000.

ఆలోచించండి: మీ ఊరి పిల్లకు ఇలాంటి ఉత్తరం వస్తే మొదట ఏం అడుగుతారు? మీ ఊరి నుంచి కువైటుకు పోయినవాళ్లు ఏజెంటుకు ఎంత కట్టారు? రసీదు ఇచ్చారా?