మారిషస్‌లో మన ఉగాది

మారిషస్ చిన్న దేశం. హిందూ మహాసముద్రం నడుమ ఉంది. అక్కడ చెరకు తోటలు ఎక్కువ. చమరెల్ అనే ఊళ్లో నేల ఏడు రంగుల్లో కనబడుతుంది. చూడటానికి దూరదేశాల వారు వస్తారు. వీధుల్లో దాల్ పూరీ అమ్ముతారు. అది మన పోలెలాగే పప్పు పెట్టి చేస్తారు. తీపి మాత్రం ఉండదు.

అక్కడ ఉగాదికి సెలవు ఇస్తారు. ఎందుకు? అక్కడ తెలుగువారున్నారు. 1834 తర్వాత వారి ముత్తాతలు కోరంగి వంటి రేవుల నుండి ఓడల్లో వెళ్లారు. చెరకు తోటల్లో కూలిపని. ఐదేళ్ల ఒప్పందం. నెలకు 5 రూపాయలు. చాలామందికి ఆ కాగితం చదవడం రాదు.

మన పల్లెల నుండి దుబాయి పోతున్నారు. అక్కలారా! మీ ఇంటివారు పోతుంటే కాగితం మీరే చదవండి. జీతమెంత? ఎన్నేళ్లు? తెలిసినాకనే సంతకం.