కొత్త టెస్టరు – కోపంతో వచ్చిన సభ్యురాలు

సంఘాలలో కొత్తగా చేరిన టెస్టర్లకు పాల పరీక్ష ఎలా చేయాలో శిక్షణలో నేర్పుతారు. పరీక్ష ఫలితం నచ్చని మనిషి బల్ల ముందు నిలబడి కేకలు వేసినప్పుడు ఏం చేయాలో మాత్రం విడిగా నేర్పేవారు తక్కువ. ఈ పాఠంలో ఆ సంగతి ముచ్చటించదలిచాము. టెస్టర్లే కాదు, సభ్యులు కూడా చదవవలసిన విషయమిది.

పట్నంలో పాల బూతులో కూర్చున్న కుర్రవాడికి ఎదురుగా నిలబడేది కొనే మనిషి. మన సంఘంలో బల్లకు అవతల నిలబడేది అమ్మే మనిషి, పైగా వాటా కట్టిన సంఘానికి యజమాని. అందుచేత ఇక్కడ కోపం రెండింతలుగా ఉంటుంది. అది న్యాయమే.

ఒక ఎండాకాలం సాయంత్రం మేము ఒక సంఘానికి తనిఖీకి వెళ్లి, కార్యదర్శిగారి పక్కన కూర్చుని రిజిస్టర్లు చూస్తున్నాము. టెస్టరు అబ్బాయి చేరి మూడు వారాలు కూడా కాలేదు. వరుసలో ముప్పై మంది దాకా ఉన్నారు. ఒక్క గేదె మీద సంసారం నెట్టుకొస్తున్న ఒక సభ్యురాలు చీటీ చేతిలో పట్టుకుని వెనక్కి వచ్చింది.

"ఏం బాబూ, నిన్నటిదాకా ఏడు పైన వచ్చిన వెన్న ఇయ్యాల అయిదున్నరకి లోపల పడిందేంటి? నా గేదె రాత్రికి రాత్రే మారిపోయిందా?"

"మిషను ఎంత చూపితే అంతే పిన్నీ. పాలల్లో నీళ్లు పడితే మేమేం చేస్తాం?"

అంతే. వరుసలో ఉన్నవారంతా మాటలు ఆపి ఆమె వైపు చూశారు. "నీళ్లు కలిపే బతుకే అయితే పదిహేనేళ్లుగా ఈ సంఘానికెందుకు పోస్తాను? రేపట్నించి వ్యానువాడికే పోసుకుంటాను" అని ఆమె గొంతు పెంచింది. అబ్బాయి ముఖం ఎర్రబడింది, చేతులు వణికాయి. తరువాతి శాంపిలు సగం బల్ల మీద ఒలికింది.

ఆమె నష్టం ఎంతో ముందు చూద్దాము. 3 లీటర్ల పాలు సుమారు 3.09 కిలోలు. 7.2 శాతం మీద అందులో వెన్న 222 గ్రాములు, 5.4 శాతం మీద 167 గ్రాములు. తేడా 55 గ్రాములు. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే ఆ పూటకు 44 రూపాయలు పోయినట్లు. రెండు పూటలూ అలాగే పోతే పదిహేను రోజుల బిల్లులో 1,300 రూపాయలు తగ్గుతుంది. తవుడు, చెక్క బాకీ తీర్చవలసిన మనిషికి అది చిన్న మొత్తం కాదు. ఈ లెక్క మనసులో ఉన్న టెస్టరు ఆ కేకను తనను తిట్టినట్లుగా తీసుకోడు.

ఇక అబ్బాయి అన్న మాట. "మిషను చూపిందే రాశాను" అనడం తప్పించుకునే మాట. నలుగురిలో "నీళ్లు" అనడం పరువు తీసే మాట. పైగా అది అబద్ధమని ఆమె చేతిలోని చీటీయే చెబుతున్నది. 7.2 ఉన్న వెన్న నీళ్ల వల్లనే 5.4కు దిగాలంటే ప్రతి 3 లీటర్ల పాలకు ఒక లీటరు నీళ్లు కలవాలి. అప్పుడు ఎస్.ఎన్.ఎఫ్. కూడా 9.1 నుంచి 6.8 ప్రాంతానికి పడిపోవాలి. ఆమె చీటీలో ఎస్.ఎన్.ఎఫ్. ముందురోజు ఎంతో ఆ రోజూ అంతే, 9.1. వెన్న ఒక్కటే తగ్గి ఎస్.ఎన్.ఎఫ్. నిలబడిందంటే కారణం నీళ్లు కాదు. చీటీలో రెండు అంకెలు అచ్చవుతున్నా చాలామంది ఒకటే చదువుతారు. ఈ ఫిర్యాదు మాకు ఎప్పటినుంచో ఉన్నది.

మేము లేచి ఆమెకు కుర్చీ వేయించాము. "అమ్మా, మీ శాంపిలు సీసా పక్కన పెట్టిస్తున్నాము. వరుస అయిపోగానే మీ కళ్లముందే ఇంకోసారి పరీక్ష చేయిస్తాము. ఈలోగా ఏం జరిగిందో మాకు చెప్పండి" అన్నాము. ముప్పై మంది పాలు ఎండలో నిలబెట్టి ఒక్కరి తగవు తీర్చరాదు. అలాగని "తరువాత రా" అని పంపించనూ రాదు. సీసాకు ఆమె నెంబరు కట్టి, ఆమెకు కనబడేచోట పెట్టడంతో సగం కోపం దిగింది.

వరుస అయ్యాక అబ్బాయి చేతనే పని చేయించాము. ముందు మిషను గేదె పాల మీద ఉన్నదా, ఆవు పాల మీద ఉన్నదా అని చూపించమన్నాము. ఆ మీట మారితే అంకెలు తప్పుగా వస్తాయి. సరిగానే ఉన్నది. శాంపిలును కాస్త వెచ్చజేసి, నురగ రాకుండా మెల్లగా తిరగేసి కలిపించాము. నిలిచిన పాలలో వెన్న పైకి తేలుతుంది గనుక కలపకుండా చేసిన పరీక్ష దండగ. తరువాత బీరువాలో దుమ్ముపట్టిన గెర్బరు సామాను తీయించాము. బ్యుటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దానిమీద గోడవెంట మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు. బిరడా బిగించి, గుడ్డ చుట్టి కుదిపి, సెంట్రిఫ్యూజులో 5 నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల నీళ్లలో ఉంచి అంకె చదవాలి. ఆమ్లంతో పని గనుక ఆమెను రెండడుగుల దూరాన నిలబెట్టాము. అంకె మాత్రం ఆమెనే చదవమన్నాము. 5.5 వచ్చింది.

పరీక్ష సరే, మరి వెన్న ఎక్కడికి పోయింది? పాసుపుస్తకం తిరగేశాము. రోజూ సాయంత్రం 4 లీటర్లు పోసే మనిషి ఆ పూట పోసింది 3. నీళ్లు కలిపితే కొలత పెరగాలి గాని తగ్గదు గదా! "ఇవాళ పాలు ఎవరు పితికారమ్మా?" అని అడిగాము. ఆమెకు జ్వరంగా ఉండి పక్కింటి కుర్రవాడి చేత పితికించిందట. గేదెకు చెయ్యి కొత్త. సరిగా చేపలేదు. ధార సన్నబడగానే వాడు లేచిపోయి దూడను వదిలాడు. మొదటి ధారల్లో వెన్న బాగా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. ఆ చివరిదంతా దూడ తాగింది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నా వెన్న నా ఇంట్లోనే ఉందన్నమాట" అని నవ్వింది. అబ్బాయి లేచి, "పిన్నీ, నీళ్ల మాట అనకూడదు, తప్పయింది" అన్నాడు. మేము చెప్పకుండానే అన్నాడు. మర్నాడు ఉదయం ఆమె పితికిన పాలలో 7.4 వచ్చినట్లు కార్యదర్శిగారు ఫోనులో చెప్పారు.

ప్రతిసారీ తప్పు పశువుల పాకలోనే దొరుకుతుందని టెస్టర్లు అనుకోరాదు. 1996లో, మేము ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల్లో, ఒక పెద్దాయన ఇలాగే వచ్చారు. సీసా చూడలేదు, రిజిస్టరు చూడలేదు. డిప్లొమా చేతిలో ఉన్న ధీమాతో "టెస్టు అబద్ధం చెప్పదు పెద్దయ్యా" అన్నాము. ఆయన మారు మాటాడకుండా వెళ్లిపోయారు. నాలుగు రోజుల తరువాత రిజిస్టరు తిరగేస్తుంటే బయటపడింది. ఆ పూట ట్రేలో ఒక సీసా తప్పుచోట పెట్టడంతో అక్కడినుంచి కిందివరకు ప్రతివారి వెన్నా పక్కవారి పేరున పడింది. తేడా సొమ్ము ఆ బిల్లులోనే సరిచేయించి, ఆయన గుమ్మం ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాము. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. పాలు మాత్రం మళ్లీ సంఘానికి పంపలేదు.

అందుచేత మా తనిఖీలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టాము. సభ్యుడు సందేహం చెప్పిన ప్రతి శాంపిలుకు రెండో పరీక్ష ఫలితాన్ని ఎర్ర సిరాతో రిజిస్టరులో మొదటిదాని పక్కన రాయాలి, సభ్యుని సంతకం తీసుకోవాలి. తప్పు సంఘానిదైతే ఆ పూటే దిద్దాలి. మొదటి అంకెను కొట్టివేయరాదు, చెరపరాదు. గెర్బరు సామాను, ఆమ్లం మిషను ఉన్నా సిద్ధంగా ఉంచుకోవలెను. కరెంటు పోయిన రోజున కూడా చేతితో తిప్పే సెంట్రిఫ్యూజు అక్కరకొస్తుంది.

సభ్యులకు ఒక మనవి. చీటీని ఇంటికి వెళ్లాక చూసుకుంటే లాభం లేదు. బల్ల దగ్గరే రెండు అంకెలూ, కొలతా చూసుకోండి, అనుమానం ఉంటే అప్పుడే చెప్పండి. పూట ముగిసి శాంపిలు సీసా కడిగిన తరువాత మళ్లీ పరీక్ష చేయడానికి ఆ పాలు ఉండవు.