రోజుకొక రూపాయి



"కష్టపడేవాడు బాగుపడతాడు, సోమరి చెడిపోతాడు" అంటుంటాం. ఇది ఎంతవరకు నిజం?

1990 దశకం తొలి ఏళ్లలో నెల్లూరు జిల్లా పల్లెలను చూడండి. ఆడా మగా ఎండనకా వాననకా కూలి చేసేవారు. కష్టానికి లోటు లేదు. అయినా ఎన్నో ఇళ్లలో పూట గడవడమే కష్టం. కూలి డబ్బు సారా దుకాణానికి పోయేది. సారా పాటల ద్వారా ప్రభుత్వానికి ఆదాయం వచ్చేది. తాగినవాడి తప్పు తాగినవాడిదే. మరి గుమ్మం ముందుకు సారా తెచ్చిన తప్పు ఎవరిది?

రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న దూబగుంట మహిళలు ఈ విషయం ఆలోచించారు. సారాను ఊరి నుండి తరిమారు. ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. జిల్లా మహిళలు అంతటితో ఆగక, 'పొదుపులక్ష్మి' పేరిట రోజుకొక రూపాయి దాచుకున్నారు.

గమనించండి: సారా ఉన్నంతకాలం ఆ రూపాయి మిగలడం గగనమైంది. సారా పోయినంత మాత్రాన అది దానంతటదే పోగుపడలేదు. పరిస్థితి మారాలి, మనిషీ పూనుకోవాలి.

కనుక పేదవాణ్ణి సోమరి అనేముందు అతని కూలి ఎటు పోతున్నదో అడగండి. మీ వంతు పనిని మాత్రం పరిస్థితులు మారేదాకా వాయిదా వేయకండి.