పాత అమెరికా గాజు ఇంటికి తెస్తున్నారా?

ఒహాయో, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియాల్లో ఎస్టేట్ సేల్‌కి (పాత ఇంటి సామాను అమ్మకానికి) వెళ్తే తరచు గులాబీ, లేత ఆకుపచ్చ గాజు గిన్నెలు కనిపిస్తాయి. కరిగిన గాజును అచ్చులో వేసి నొక్కి చేసినవి. 1930ల ఆర్థిక మాంద్యంలో ఓట్స్ డబ్బాల్లో పెట్టీ, సినిమా హాళ్ళలో ఇచ్చీ ఊరికే పంచిన చవక సరుకు. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలోకీ ఇవి చేరుతున్నాయి గనుక ఈ మాటలు.

చేయకూడనివి

పొయ్యి మీంచి దించిన పాయసం, చారు పోయకండి. అచ్చుగాజు మందం అంతటా ఒకేలా ఉండదు. వేడి తగిలిన లోపలివైపు సాగుతుంది, బయటివైపు సాగదు. ఆ లాగుడుకి గిన్నె పగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వేడినీళ్ళ కింద పెట్టినా అంతే. మైక్రోవేవ్, ఓవెన్ అసలే వద్దు. ‘ఫైర్‌కింగ్’ అనే రకం ఓవెన్ కోసం చేసినదే, నిజమే. కానీ దశాబ్దాల గీతలు పడ్డ పాత్రను నేనైతే నమ్మను.

ఆవకాయ, నిమ్మకాయ నిలవ పెట్టకండి. ఇంకా పాత గాజైతే, 1864లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణంలో విలియం లైటన్ అనే ఆయన మేలైన సోడా-సున్నం గాజు తయారుచేసేదాకా అమెరికా మంచి గాజులో సీసం కలిపేవారు. పులుపు ఆ సీసాన్ని బయటికి లాగుతుంది. వేలితో మీటితే చాలాసేపు ఖంగుమనేదాన్ని అనుమానించండి. మోగలేదని మాత్రం నిశ్చింతగా ఉండకండి. పైన రంగుల బొమ్మలున్న గ్లాసుల్లో పిల్లలకు పాలివ్వొద్దు, ఆ రంగుల్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు.

డిష్‌వాషర్‌లో వేస్తే గాజు మసకబారుతుంది. ఆ మసక ఎంత తోమినా పోదు.

చేయవలసినవి

కొనేముందు అంచు వెంట వేలు కాదు, దూది తిప్పండి. పోగు చిక్కుకున్నచోట పెచ్చు ఊడినట్టే.

సింకులో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళతో ఒక్కొక్కటే కడగండి.

అతినీలలోహిత టార్చి వేస్తే కాంతివంతంగా ఆకుపచ్చగా మెరిసేది సాధారణంగా యురేనియం కలిపిన గాజు. అలమరలో పెట్టుకోవడానికి భయపడక్కర్లేదు. రోజూ తినడానికి, తాగడానికి మాత్రం వేరే గ్లాసు వాడండి. అంచు పెచ్చులు పోయిందని ఇంట్లో అరగదీయకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. టార్చి వెలుగును కళ్ళలోకి కొట్టుకోకండి.

ఒకదానిలో ఒకటి పేరిస్తే మధ్యన కాగితం పెట్టండి. ఇరుక్కుపోతే బలంగా లాగకుండా, సందులో రెండు చుక్కల వంటనూనె వేసి రాత్రంతా వదిలేయండి.