కువైట్‌లో వ్యాపార ఒప్పందమా? సంతకానికి ముందు వకీలుకు చూపించండి

ఒంటిమిట్ట, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లేవాళ్లలో చాలామంది డ్రైవరుగానో, వంటమనిషిగానో, షాపులో పనికో వెళ్తారు. కొన్నేళ్లు గడిచాక సొంతంగా ఒక చిన్న హోటలో, బకాలానో (కిరాణా కొట్టు), టైలరింగ్ షాపో పెట్టుకోవాలన్న ఆలోచన వస్తుంది. అప్పటికి చేతిలో ఉండేది ఇన్నేళ్లూ కూడబెట్టిన దినార్లు, ఊళ్లో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు. ఆ డబ్బు పోకుండా ఉండాలంటే ఏ కాగితం ఎవరికి చూపించాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన ఊళ్లో ఇద్దరు కలిసి అరటితోట కౌలుకు తీసుకుంటే పెద్దమనుషుల ముందు మాట అనుకుంటారు. రేపు ఎవరైనా మాట తప్పితే ఆ పెద్దమనుషులే పిలిచి అడుగుతారు. కువైట్‌లో అట్లా అడిగేవాళ్లు ఉండరు. అక్కడి కోర్టుల్లో విచారణ జరిగేది అరబీలో. జడ్జి చూసేది అరబీలో రాసిన కాగితాన్ని, దాని కింద ఉన్న మీ సంతకాన్ని.

లైసెన్సు ఎవరి పేరు మీద?

కువైట్ చట్టం ప్రకారం సాధారణంగా కంపెనీలో కువైటీల వాటా 51 శాతానికి తగ్గకూడదు. 2013 నాటి పెట్టుబడుల చట్టం కింద అనుమతి పొందిన సంస్థలకు మినహాయింపు ఉన్నా, చిన్న హోటలుకు అది అందే దారి కాదు. అందుకే చాలామంది లైసెన్సు కువైటీ పేరు మీద, పెట్టుబడి తమది అనే పద్ధతిలో దిగుతారు. ఎక్కువ నష్టాలు ఇక్కడే మొదలవుతాయి.

వీసా సంగతి కూడా ముందే చూసుకోండి. ఖాదిం వీసా, అంటే ఆర్టికల్ 20 మీద ఉన్నవాళ్లు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇల్లు వదిలి బయట పనిచేయడమే చట్టవిరుద్ధం. షూన్ వీసా, అంటే ఆర్టికల్ 18 మీద ఉన్నవాళ్లు కంపెనీల్లో భాగస్వాములుగా ఉండటంపై 2024లో ప్రభుత్వం ఆంక్షలు తెచ్చింది. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి. పోయినేడు స్నేహితుడికి కుదిరింది కదా అని డబ్బు కట్టొద్దు. ఇవాళ్టి నిబంధన ఏమిటో వకీలునే అడగండి.

కాగితంలో ఏం చూడాలి?

ఫర్వానియాలో ఒక హోటలు తీసుకుంటున్నారనుకోండి. ఒప్పందంలో "రెండో పక్షం నెలనెలా ఇంత మొత్తం చెల్లించాలి" అని ఉంటుంది. మీరే ఆ రెండో పక్షం. పొయ్యిలు, ఫ్రిజ్‌లు, బల్లలు మీ డబ్బుతో కొన్నారని ఎక్కడా ఉండదు. లైసెన్సు యజమాని వద్దన్న రోజు ఆ సామానంతా షాపుదే అవుతుంది. ఇదే కాగితాన్ని వకీలు ముందే చూస్తే సామాను జాబితా జతచేయిస్తాడు, పెట్టుబడి మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయిస్తాడు, ఎవరు తప్పుకున్నా ఎన్ని నెలల ముందు చెప్పాలో, లెక్క ఎట్లా తేల్చుకోవాలో పెట్టిస్తాడు.

షాపు అద్దె ఒప్పందాన్ని కూడా విడిగా చదివించండి. భవనం యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా అద్దెదారు షాపును మరొకరికి అద్దెకివ్వడం 1978 నాటి అద్దె చట్టం ప్రకారం ఖాళీ చేయించడానికి సరిపోయే కారణం. పాత అద్దెదారుకు గుడ్‌విల్ పేరుతో వేల దినార్లు ఇచ్చి లోపలికి వెళ్లాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది తక్కువ.

ఈ మూడూ ఇవ్వొద్దు

తేదీ వేయని చెక్కు, ఖాళీ కాగితం మీద సంతకం, అన్ని అధికారాలూ కట్టబెట్టే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ: ఈ మూడింటినీ ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఇవ్వొద్దు. కువైట్‌లో చెక్కు చెల్లకపోతే క్రిమినల్ కేసు కూడా కావచ్చు. బాకీ కేసులో ప్రయాణ నిషేధం పడితే, ఇంట్లో చావు కబురు వచ్చినా విమానం ఎక్కనివ్వరు. పవర్ ఇవ్వక తప్పకపోతే ఏ పనికో, ఎంతకాలానికో రాయించి ఆ ఒక్క పనికే ఇవ్వండి.

ఎవరికి చూపించాలి?

కాగితాలు తిప్పే మందూబ్ వకీలు కాదు. టైపింగ్ సెంటర్లో కూర్చున్నాయనా కాదు. కువైట్ కోర్టుల్లో వాదించే అర్హత ఉన్న ముహామీ దగ్గరికే వెళ్లండి. ఎవరూ తెలియకపోతే భారత రాయబార కార్యాలయంలో అడగండి. కాగితం చదివి సలహా ఇవ్వడానికి ఫీజు ఎంతో ముందే తేల్చుకోండి, రసీదు తీసుకోండి. అరబీ ప్రతికి గుర్తింపు పొందిన అనువాదకుడితో ఇంగ్లీషు ప్రతి చేయించుకోండి. అవతలి పక్షం తెచ్చిన అనువాదాన్ని నమ్మొద్దు. రెండింటికీ తేడా వస్తే కోర్టు అరబీ మాటనే తీసుకుంటుంది.

వకీలును ఈ నాలుగూ అడగండి: నష్టం వస్తే ఎవరిది? నేను తప్పుకుంటే నాకు ఏమొస్తుంది? యజమాని చనిపోతే లైసెన్సు ఏమవుతుంది? నా వీసాతో ఈ సంతకం చెల్లుతుందా?

"మామను నమ్మక వకీలు దగ్గరికి పోయినాడంట" అని మనవాళ్లు కలిసే మాలియాలో శుక్రవారం నలుగురూ అనుకుంటారేమోనని వెనకాడేవాళ్లు చాలామంది. వెనకాడొద్దు. మంచి భాగస్వామి అయితే కాగితం చదివించుకోవడానికి వారం గడువు ఇస్తాడు. ఇవ్వనంటే ఆ వ్యాపారం మీకు వద్దు.